తద్ధర్మం

ఇంగ్లీషు వ్యాకరణం మొత్తంలో నన్ను ఏడిపించినవి పెద్ద పెద్ద సూత్రాలు కావు. ఒకే ఒక్క అక్షరం. ఎస్.

ముప్పై మూడేళ్లు హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పాను. అన్నేళ్లలో ఖర్చుపెట్టిన ఎర్రసిరాలో సగం ఆ ఎస్ ఖాతాలోనే పోయింది. 'హి గో', 'షి కమ్', 'మై ఫాదర్ వర్క్'. పాసివ్ వాయిస్‌ని దోసెలా తిరగేసే పిల్లలు కూడా, నాన్న ఏం చేస్తాడో చెప్పమంటే ఎస్ మింగేసేవాళ్లు. నిజానికి తెలుగు పిల్లలకి ఇదో లెక్కలోది కాకూడదు. మన క్రియలకి తోకలేమైనా తక్కువా? వస్తాను, వస్తావు, వస్తాడు, వస్తుంది, వస్తారు, వస్తాయి. మనిషిని చూపించక్కర్లేదు, తోక చూసి పోల్చుకోవచ్చు. ఇన్ని తోకలు మోసే భాషలో పుట్టినవాళ్లకి ఒక్క ఎస్ బరువైందా అని స్టాఫ్ రూములో రోజూ గింజుకునేవాణ్ని. మా తెలుగు మాస్టారు పొడుం పీల్చి ఊరుకునేవారు.

రిటైరైన మూడో ఏట, రాజమండ్రిలో మా ఇంటి వరండాలో, మళ్లీ ఆ ఎస్‌తోనే పని పడింది.

మా ఇంట్లో గిన్నెలు తోమి, ఇల్లు ఊడ్చే ఆవిడకి తొమ్మిదో తరగతి చదివే కూతురుంది. ఓ రోజు ఆవిడ పెరటి గుమ్మంలో నిలబడి, చీపురు ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంటూ, "మా పిల్లకి కూసింత ఇంగ్లీషు ముక్క చెబుతారా మాస్టారూ? బళ్లో అంతా ఇంగ్లీషేనంట. పుస్తకంలో పక్కనే తెలుగుంది కాబట్టి నెట్టుకొత్తంది. పరీక్షలో పక్కన ఉండదు గదండీ" అంది.

ఆ మాటా నిజమే. ఇప్పటి సర్కారు పుస్తకాల్లో ఒక పేజీ ఇంగ్లీషు, ఎదురుపేజీలో అదే పాఠం తెలుగు. ఏ పిల్ల పుస్తకం తీసినా తెలుగు పేజీలు నలిగి, పసుపు మరకలు పడి, కాపురం చేసినట్టుంటాయి. ఇంగ్లీషు పేజీలు మాత్రం పెట్టెలో పట్టుచీరలా మడత నలగవు.

"పంపించు. డబ్బు మాట ఎత్తావంటే ఊరుకోను" అన్నాను.

చెప్పుకోకూడదు గానీ, మేం అలాంటి మనుషులం. మా ఆవిడ చేతికైతే ఎముకే లేదు. చాలా ఇళ్లలో పనిమనిషికి టీ అంటే, అడుగున మిగిలినదాంట్లో ఇన్ని నీళ్లు పోసి మళ్లీ మరిగించి ఇస్తారు. మా ఇంట్లో ఆ పద్ధతి లేదు. మేం తాగే టీయే, మేం తాగే వేళకే, పెద్ద స్టీలు గ్లాసు నిండా. ఆవిడా అంత మర్యాదస్తురాలే. కుళాయి పక్కన బండ మీద కూర్చుని తాగి, ఎవరూ చెప్పకుండానే తన గ్లాసు తనే కడిగి, పిట్టగోడ మీద బోర్లించి పోతుంది. శుభ్రం తెలిసిన మనిషి.

పిల్ల మర్నాడు సాయంత్రం అయిదింటికల్లా వచ్చింది. రెండు జడలు, నూనె రాసిన తల, రెండువందల పేజీల కొత్త నోటుబుక్కు. పాఠం వీధి వరండాలో పెట్టుకున్నాం. హాల్లో ఫ్యానుంది గానీ, వరండాలోనైతే గోదావరి గాలి ఉచితం. నేను పడక్కుర్చీలో, తను చాప మీద.

నా దగ్గర అట్ట ఊడి, దారాలు తేలిన రెన్ అండ్ మార్టిన్ గ్రామరు పుస్తకం ఉంది. ఇద్దరు దొరల పేరు మీద చలామణీ అయ్యే ఆ పుస్తకాన్ని తర్వాతి తరానికి సరిదిద్ది ఇచ్చినాయన ఎన్.డి.వి. ప్రసాదరావుగారు. పేరు చూస్తే మనవాడిలాగే ఉన్నాడు. పుస్తకం మీదే అచ్చయి ఉంటుంది, అయినా ఎవరి కళ్లూ అక్కడ ఆగవు. నేను మాత్రం ప్రతి బ్యాచ్‌కీ మొదటి రోజు ఆ పేరు చూపించి, "దొరల ఇంగ్లీషుని మనవాడు దిద్దాడర్రా" అని మీసం తిప్పేవాణ్ని. ఈ పిల్లకీ చూపించాను. అది వేలు పెట్టి పేరు కూడబలుక్కుని చదివింది.

మొదట సింపుల్ ప్రెజెంట్. దీన్ని మించిన తేలిక కాలం ఇంకోటి లేదంటారు. అంటే నమ్మకండి. తెలుగువాడికి ఇదే అసలు బురద. ఎందుకంటే మన 'వస్తాను' ఒంటి చేత్తో రెండు పనులు చేస్తుంది. రోజూ వస్తాను, రేపు వస్తాను. రెండింటికీ అదే మాట. ఇంగ్లీషువాడు ఒకటి 'ఐ కమ్' అంటాడు, ఇంకోటి 'ఐ విల్ కమ్' అంటాడు. పైగా మనం 'రోజూ వస్తూనే ఉన్నాను' అన్న ధోరణిలో 'డైలీ ఐ యామ్ కమింగ్' అనేస్తాం. కళ్లముందు జరుగుతున్నదానికే ఐఎన్‌జీ, రోజూ జరిగేదానికి వద్దు అని నేను చెబుతూ ఉంటే, పిల్ల పెన్సిలు కొరుకుతూ అడిగింది:

"అంటే మా తెలుగులో తద్ధర్మం లాంటిదా మాస్టారూ?"

నేను పడక్కుర్చీలో లేచి కూర్చున్నాను.

"భూతం, భవిష్యత్తు, వర్తమానం కాకుండా నాలుగోది అని మా తెలుగు టీచరుగారు చెప్పారండి. నిన్నా ఇవాళా రేపూ ఎప్పుడూ అలాగే ఉండేది. పక్షి ఎగురుతుంది, నిప్పు కాలుస్తుంది, అలాంటివి."

చిన్నయసూరి బాలవ్యాకరణంలోని మాట అది. ముప్పై మూడేళ్లు పక్క పీరియడులోనే ఆ పాఠం జరుగుతున్నా, దాన్ని తెచ్చి నా ఇంగ్లీషు పక్కన పెట్టాలని నాకు తట్టలేదు. పొడుం మాస్టారు ఎందుకు నవ్వేవారు కాదో, ఎందుకు మాట్లాడేవారు కాదో అప్పుడు కొంచెం తెలిసింది. "భేష్! అదే. దాని స్వభావం అది, దాని ధర్మం అది, అందుకే తద్ధర్మం" అన్నాను, ఎప్పట్నుంచో తెలిసినట్టు.

ఆ పిల్ల దగ్గర తమాషా ఏమిటంటే, చెప్పింది రాసుకుని ఊరుకోదు. ఓ రోజు ఎస్ గురించి చెబుతున్నాను. హి, షి, ఇట్, ఈ ముగ్గురికీ ఎస్ తగిలించాలి, మిగతావాళ్లకి వద్దు. "మన తెలుగులో ఎంత అవస్థ చూడు. నాన్నగారు వస్తారు, తమ్ముడు వస్తాడు, అక్క వస్తుంది, ఆవు వస్తుంది. మనిషిని బట్టి, మర్యాదని బట్టి తోక మారిపోతుంది. పొరపాటున కలెక్టరుగారు వస్తాడు అన్నావంటే ఉద్యోగం ఊడుతుంది. ఇంగ్లీషు ఎస్‌కి ఆ బెంగ లేదు. కలెక్టరు కమ్స్, కుక్క కమ్స్. పెద్దా చిన్నా లేదు, ఆడా మగా లేదు."

"కలెక్టరుగారికీ మా అమ్మకీ కూడా ఒకటే ఎస్సా అండి?"

"ఒకటే."

"మేడమ్‌గారికీ మా అమ్మకీ?"

"ఎవరికైనా ఒకటేనమ్మా. గ్రామరు ముందు అందరూ సమానమే" అని పెద్దగా నవ్వాను. ఆ వాక్యం నాకే నచ్చి, లోపలికి వెళ్లి మా ఆవిడకి మళ్లీ చెప్పాను కూడా.

ఇంకో రోజు వాళ్ల పాస్టరుగారి దగ్గరున్న పాత ఇంగ్లీషు బైబిల్ సంగతి తెచ్చింది. అందులో 'గోస్' బదులు 'గోయెత్' అని, 'కమ్స్' బదులు 'కమెత్' అని ఉందట, తప్పు అచ్చయిందా అని. తప్పు కాదు, 1611 నాటి బైబిల్ అది, అప్పటి పద్ధతి అది. ఉత్తర ఇంగ్లండు పల్లెటూళ్ల వాడుకలో ఉన్న ఎస్ మెల్లమెల్లగా కిందికి పాకి, లండన్ చేరి, ఆ 'ఎత్'ని పక్కకి నెట్టేసింది. షేక్‌స్పియర్ నాటకాల్లో రెండూ కనిపిస్తాయి.

"అందరూ ఒక్కసారే మానేశారా అండి?"

"అలా ఎవరు మానేస్తారు? ఎవరింట్లోనో మొదలవుతుంది. పక్కవాళ్లు చూసి మొదట నవ్వుతారు. తర్వాత వాళ్లూ అలాగే అంటారు."

పిల్ల తలూపింది. రాసుకోలేదు.

నెల తిరిగేసరికి ఎస్‌లు కుదురుకున్నాయి. వాష్, టీచ్, గో లాంటివాటికి ఎస్ చాలదు, ఈఎస్ కావాలని తెలిసింది. 'డజ్ నాట్' వచ్చిందంటే అది ఎస్‌ని తన జేబులో వేసుకుంటుందని, వెనక మిగిలిన క్రియ బోడిగా నిలబడుతుందని తెలిసింది. 'షి డజ్ నాట్ గోస్' అని రాయడం మానేసింది. ఎంఏలు చదివి కూడా ఆ ముక్క తెలియనివాళ్లని నేను ఎరుగుదును.

అప్పుడు గడులు గీయించాను. సింపుల్ ప్రెజెంట్‌కి ముఖ్యంగా రెండు పనులు. ఒకటి అలవాట్లు చెప్పడం, రెండు నిత్యసత్యాలు చెప్పడం. పేజీకి నడుమ నిలువుగీత గీసి, ఎడమ గడి అలవాట్లకి, కుడి గడి సత్యాలకి ఇచ్చాం. పొద్దున్నే లేస్తాను, పళ్లు తోముకుంటాను, ఇవన్నీ ఎడమన. సూర్యుడు తూర్పున ఉదయిస్తాడు, నీళ్లు 100 డిగ్రీల దగ్గర మరుగుతాయి, ఇవి కుడిన.

"కొండ మీదికెళ్తే ఇంకా తక్కువకే మరుగుతాయని సైన్సు సారు చెప్పారండి. మరి అది సత్యం ఎలాగవుద్ది?"

నేను దగ్గి, "ఇది రాజమండ్రి. మన ఊళ్లో అది నిత్యసత్యమే" అన్నాను.

"గోదావరి పుష్కరాలండి? పన్నెండేళ్లకోసారి వస్తాయి గదా. 2015లో వచ్చాయి, మళ్లీ 2027లో వస్తాయి. అది అలవాటా, సత్యమా?"

ఇది నన్ను నిజంగానే ఇరుకున పెట్టింది. మనుషులు మునగడం అలవాటు. గురుడు సూర్యుడి చుట్టూ తిరిగి రావడానికి దాదాపు పన్నెండేళ్లు పట్టడం సత్యం. చివరికి తేడా ఇలా చెప్పాను: "మనం మానుకుందామనుకుంటే మానుకోగలిగేది అలవాటు. మనం ఏం చేసినా మారనిది సత్యం. ఇక నువ్వే తేల్చుకో." నా సర్వీసులో ఏ గ్రామరు పుస్తకంలోనూ ఇంత చక్కటి నిర్వచనం చూడలేదు. ఆ రాత్రి డైరీలో రాసుకున్నాను.

"పది వాక్యాలు రాసుకురా. పుస్తకంలోవి వద్దు. నీ కళ్లతో రోజూ చూసేవే రాయాలి. రెండు గడుల్లో సర్దాలి" అని చెప్పి పంపించాను.

శనివారం సాయంత్రం పిల్ల వచ్చేసరికి మా బావమరిది కాకినాడ నుంచి వచ్చి ఉన్నాడు. వాడి కొడుకు నెలకి వేలకి వేలు పోసి కార్పొరేట్ స్కూల్లో చదువుతూ కూడా 'మై డాడీ డోంట్ నో' అంటాడు. బావమరిదికి నా శిష్యురాల్ని చూపించాలన్న దుగ్ధ నాకు ఉండనే ఉంది. మా ఆవిడ టీ తెచ్చింది. ముగ్గురం వరండాలో కూర్చున్నాం. మా అల్లుడు కొనిచ్చిన పింగాణీ సెట్టు, పూల కప్పులు, ముచ్చటగా ఉంటాయి. మాది పాతకాలపు ఇల్లు, వీధి గుమ్మంలో కూర్చుంటే పెరటి గుమ్మం సూటిగా కనిపిస్తుంది. పెరట్లో పిల్ల తల్లి బండ మీద కూర్చుని, గ్లాసు చుట్టూ కొంగు చుట్టి ఊదుకుంటూ తాగుతోంది.

"ఏదీ, పుస్తకం ఇలా ఇయ్యి" అని, కళ్లజోడు సవరించుకుని, క్లాసులో చదివినంత గొంతుతో మొదలుపెట్టాను.

"సార్ రీడ్స్ ది న్యూస్‌పేపర్ లౌడ్లీ." ఎడమ గడి. బావమరిది కిసుక్కున నవ్వాడు.

"సార్ లూజెస్ హిస్ స్పెక్టకల్స్ ఎవ్రీ డే." ఇదీ ఎడమ గడే. ఈసారి మా ఆవిడ నవ్వింది. "పర్లేదే, పిల్ల కనిపెట్టేసింది" అంది.

"మేడమ్ వాటర్స్ ది తులసి ప్లాంట్." "ది గోదావరి ఫ్లోస్ ఇంటు ది సీ." ఒకటి ఇటు, ఒకటి అటు. కుడి గడిలో ఇంకోటి: "వాటర్ బాయిల్స్ అట్ 100 డిగ్రీస్ ఇన్ రాజమండ్రి." నేను కప్పు కింద పెట్టి మరీ నవ్వాను. ఆ 'ఇన్ రాజమండ్రి' వెనక కథంతా బావమరిదికి చెప్పాను. "విన్నావా? మీవాడి చేత ఇలాంటిదొకటి రాయించు చూద్దాం" అన్నాను. వాడు ఒప్పుకున్నాడు.

ఆరూ ఏడూ దాటాం. ఎనిమిదో వాక్యం: "మై మదర్ వాషెస్ ఆల్ ది కప్స్ ఇన్ దిస్ హౌస్."

"చూశావా, వాష్‌కి ఈఎస్! ఎంతమంది రాస్తారు చెప్పు?"

తొమ్మిది: "మేడమ్ డ్రింక్స్ టీ ఇన్ ఎ కప్." ఎడమ గడి. మా ఆవిడ కప్పు పైకెత్తి పిల్లకి చూపించి నవ్వింది.

పదోది దగ్గరికొచ్చేసరికి చిన్న తేడా కనిపించింది. ఎడమ గడిలో ఏదో రాసి చెరిపిన మరక ఉంది. కుడి గడిలోనూ అలాంటి మరకే ఉంది. వాక్యం మాత్రం కింద, రెండు గడులకీ అడ్డంగా, నిలువుగీత మీదుగా రాసి ఉంది.

"ఇదేంటే, గీత దాటేశావు?" అంటూనే చదవడం మొదలుపెట్టాను. "మై మదర్ డ్రింక్స్ టీ..." డ్రింక్స్ దగ్గర ఎస్‌ని ఒత్తి పలికాను, బావమరిది వినాలని. మిగతా నాలుగు మాటలూ కూడా అదే గొంతుతో వచ్చేశాయి. ముప్పై మూడేళ్లు చదివిన నోరు, కళ్ల వెంట పరిగెత్తుతుంది, మనసు కోసం ఆగదు.

"...ఇన్ ఎ సెపరేట్ గ్లాస్."

బావమరిది ఫోను తీసి చూసుకోసాగాడు. మోగలేదు. మా ఆవిడ చేతిలో కప్పు, సాసరుకీ నోటికీ నడుమ ఎక్కడో ఉండిపోయింది.

పిల్ల నా మొహంలోకి చూసింది. దాని మొహంలో కోపం ఏమీ లేదు. పుష్కరాల గురించి అడిగిన రోజు ఎలా ఉందో అలాగే ఉంది.

"ఎస్ పెట్టానండి. మేడమ్‌గారికి పెట్టిందే అమ్మకీ పెట్టాను, మీరు చెప్పినట్టే. గడే తెలీలేదు మాస్టారూ. ముందు అలవాట్లలో రాశాను. మానుకోగలిగేది అలవాటన్నారు గదా, ఎవరూ మానుకోలేదు, అందుకని చెరిపేశాను. సత్యాల్లో రాశాను. అక్కడ సూర్యుడు, గోదావరి ఉన్నాయి. వాటి పక్కన బాగోలేదని అదీ చెరిపేశాను. ఇది ఏ గడిలోకి వస్తుందండి?"

ఎర్రపెన్ను మూత తీశాను. వాక్యం మళ్లీ మొదటి నుంచి చూశాను. డ్రింక్స్‌లో ఎస్ ఉంది. గ్లాస్ ముందు 'ఎ' ఉంది. సెపరేట్ స్పెల్లింగులో పెద్దవాళ్లే తప్పుతారు, నడుమ 'ఎ' బదులు 'ఇ' రాస్తారు. అదీ సరిగ్గానే ఉంది. చివర ఫుల్‌స్టాపు ఉంది.

పెరట్లోంచి వాళ్లమ్మ గొంతు వినిపించింది, కుళాయి చప్పుడు మీదుగా: "తప్పులుంటే నెత్తి మీద ఓటి మొట్టి చెప్పండి మాస్టారూ! మొగమాటపడకండి!"

"తప్పేం లేదు" అన్నాను.

కుళాయి కట్టేసిన చప్పుడైంది. తర్వాత, పిట్టగోడ మీద గ్లాసు బోర్లించిన చప్పుడు.